మంచు మాత్రమే చూసిన ప్రేక్షకుడు

మీరు ఇటీవల నలుగురి ముందు పొగిడిన విదేశీ చిత్రంలో మీరు నిజంగా చూసిందెంత, చూసినట్టు తల ఊపిందెంత? తొందరపడి జవాబు చెప్పకండి. ప్రశ్న వేసి, ఎదుటివారు నోరు తెరిచేలోపు జవాబు కూడా మనమే చెప్పేయడం వక్తృత్వ పోటీల్లో ఒక ఎత్తుగడ. కళాశాలలో నాకు దాన్ని శ్రద్ధగా నేర్పారు. ఇక్కడ దాన్ని వాడను. ఈ ప్రశ్న నాకు పుట్టింది మహబూబ్‌నగర్‌లో, కిటికీలకు గొంగళ్ళు వేలాడదీసిన ఒక పాఠశాల హాల్లో. దానికి మా సంఘం ఇచ్చిన జవాబు వల్ల ఒక మనిషికి తీరని నష్టం జరిగింది.

ఎనభైల చివరి సంవత్సరాల్లో మా పట్టణంలో ఒక ఫిల్మ్ సొసైటీ ఉండేది. కొందరు అధ్యాపకులు, బ్యాంకు ఉద్యోగులు, మాలాంటి డిగ్రీ విద్యార్థులు అందులో సభ్యులు. అధ్యక్షుడు న్యాయవాది. నెలకొక ఆదివారం హైదరాబాదు నుంచి రేకు డబ్బాల్లో రీళ్ళు బస్సెక్కి వచ్చేవి. హాలును చీకటి చేయడానికి నల్లని పరదాలు లేవు గనుక, గొల్లల దగ్గర గొంగళ్ళు అడిగి తెచ్చి కిటికీలకు మేకులతో బిగించేవాళ్ళం. మధ్యాహ్నపు ఎండకు అవి వేడెక్కి గొర్రెల వాసన గది నిండా కమ్ముకునేది. ఐరోపా నగరాల వానను, ప్రపంచ యుద్ధాల బురదను, పెద్దింటి భోజనాల బల్లల దగ్గరి మౌనాన్ని మేము ఆ వాసనలోనే చూశాం.

సొసైటీకి ఒకటే కఠిన నియమం: ప్రదర్శన సాగుతుండగా ఎవరూ మాట్లాడరాదు. బజారు టాకీసులో ఈలలు, కేకలు, తెర మీదికి కాగితాలు విసరడం చూసి విసిగినవారు ఏర్పరచుకున్న సంఘం కాబట్టి ఆ నియమం మాకు అలంకారంగా కూడా ఉండేది. తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు వచ్చి పోయేవి. చదవడం పూర్తయ్యేలోపే మాయమయ్యేవి. మాలో సగం మందికి కథ సగమే అందేదని నా నమ్మకం. అయితే ఆ మాట ఒప్పుకున్నవారు లేరు. చిత్రం ముగిశాక చర్చ జరిగేది. అందులో మెచ్చదగిన మాటలను సైక్లోస్టైల్ చేసి ఒక చిన్న సంచికగా పంచేవారు. అక్కడ అచ్చయిన ప్రతి విమర్శలోనూ ‘అస్తిత్వం’, ‘శూన్యం’ అనే మాటలు తప్పనిసరిగా ఉండేవి.

నాతో పాటు ఆ సంఘంలో చేరిన స్నేహితుడు మక్తల్ వాడు. వాళ్ళ నాన్నకు అక్కడ గాజుల దుకాణం. మేమిద్దరం ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్ళం. అతన్ని నేను ‘భాయ్’ అనేవాణ్ణి. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటానని అతను నన్ను ‘వకీల్ సాబ్’ అని ఎగతాళి చేసేవాడు. సినిమా గురించి మాట్లాడటంలో అతనికి సాటి మాలో లేరు. కారణం చాలా కాలానికి గాని తెలియలేదు. వాళ్ళ అన్న చిన్నతనంలోనే చూపు కోల్పోయాడు. మక్తల్‌కు టూరింగ్ టాకీసు వచ్చినప్పుడల్లా ఇతను అన్నను తీసుకుపోయి తెర ముందు కూర్చోబెట్టి, బొమ్మ నడుస్తుండగానే చెవిలో చెప్పేవాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళు ‘జర గట్టిగ చెప్పు రా, మేం గూడ ఇంటం’ అనేవారట.

అన్నకు వచ్చిన జబ్బే తమ్ముడికీ వచ్చింది. చీకటి పడితే అడుగు తీసి అడుగు వేయలేకపోవడం పసితనం నుంచీ ఉంది. రేచీకటి అనుకుని తల్లి మేక కారిజం, అంటే కాలేయం, వండి పెట్టేది. డిగ్రీలో చేరిన ఏడు హైదరాబాదులో కళ్ళ దవాఖానకు నేనే వెంట వెళ్ళాను. ఇది వంశంలో నడిచే జబ్బని, మందు లేదని, మొదట పక్కచూపు పోతుందని, ఆ తరువాత మధ్యలో మిగిలినదీ పోతుందని డాక్టర్ చెప్పాడు. బస్సులో తిరిగి వస్తూ భాయ్ అన్నాడు:

‘‘గొట్టంలకెల్లి సూసినట్టు ఉంటది, వకీల్ సాబ్. గా గొట్టం ఏటేట సన్నగైతాంది. సన్నగయ్యేలోపల గా మంచు సినిమా ఒక్కటి సూడాలె.’’

ఏ సినిమా అని నేను అడగలేదు. అడగవలసిన అవసరం లేదు. మా కళాశాల గ్రంథాలయంలోని ఒక పాత విమర్శ గ్రంథంలో ఆ చిత్రం గురించి ఒక అధ్యాయం ఉండేది. మేమిద్దరం దాన్ని వంతులవారీగా చదివి చదివి, చూడని చిత్రం మీద నెలల తరబడి కొట్లాడుకున్నాం. నలుపు తెలుపు చిత్రం. మంచు దేశం. పట్టాల పక్కన ఒక చిన్న స్టేషను. దాన్ని కాపలా కాసే ఒక స్త్రీ. యుద్ధం ముగిసింది, పోయినవారు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు, ఆమె ఎదురుచూస్తోంది. కథ ఇంతే. అయితే ఆ దర్శకుడు తెర మధ్యభాగాన్ని చిత్రం పొడుగునా ఖాళీ మంచుగా ఉంచాడట. మనుషులు ఎప్పుడూ అంచుల్లోనే ఉంటారు. ఎడమ మూలన ఒక చెయ్యి, కుడి అంచున గుర్రం తల, పైన ఒక కిటికీలో దీపం. యుద్ధం వీళ్ళను అంచులకు నెట్టింది గనుక తానూ అక్కడే నిలబెట్టాడని ఆ విమర్శకుడి వ్యాఖ్య.

‘‘మన పాలమూరోళ్ళ లెక్కనే,’’ అనేవాడు నా స్నేహితుడు. ‘‘కూలికి బొంబాయి బస్సెక్కినంక ఎవ్వలకు కనపడ్తరు? కనపడని జాగల పెట్టి చూడుమంటున్నడు గా దర్శకుడు.’’

ఆ చిత్రం తెప్పించమని కమిటీని అడిగాం. ‘వచ్చే ఏడు చూద్దాం’ అన్నారు. ఆ రోజుల్లో మా ప్రాంతంలో దాని వీడియో క్యాసెట్ దొరికే అవకాశమే లేదు. దొరికి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఎందుకంటే చిన్న టీవీ తెర, కొంచెం దూరంగా కూర్చుంటే, అతని గొట్టంలో పూర్తిగా ఇమిడేది. కల్వకుర్తిలో మా మేనమామ ఇంటికి వెళ్ళినప్పుడు ఒక వీడియో సెంటర్లో రబ్బరు రాక్షసుడున్న ఒక చవకబారు విదేశీ చిత్రం చూశాం. కుర్రకారు దాన్ని మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూసేవారు. బయటికి వచ్చాక భాయ్ తీర్పు ఇది: ‘‘అందరు దొంగలే ఉన్నరు గిండ్ల. రాచ్చసుడొక్కడే చెప్పిన పని చేసిండు.’’ నవ్వాను గాని, ఆ రెండు వాక్యాల్లో ఉన్న విమర్శ మా సంచికల్లో ఎన్నడూ కనిపించలేదు. చెత్త చిత్రాలను అతను సంపూర్ణంగా చూడగలిగాడు. గొప్ప చిత్రాలు మాత్రం మా హాల్లోనే వచ్చేవి. మా హాలు ఇరుకు. చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నా తెర అతనికి ముక్కలుగానే దొరికేది.

మొదట్లో తల తిప్పుతూ ఆ ముక్కలను ఏరుకునేవాడు. తరువాత అది చాలలేదు. ఒక ఆదివారం, ఏదో కోర్టు కథ నడుస్తుండగా, ఎడమ పక్క ఏం జరుగుతోందో నేను అతని చెవిలో చెప్పసాగాను. నాలుగు మాటలు చెప్పానో లేదో ప్రొజెక్టర్ ఆగిపోయింది. దీపాలు వెలిగాయి. అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు.

‘‘ఎవరు మాట్లాడింది? బాబూ, మీరేనా? మాట్లాడుకోవాలంటే బజారులో టాకీసు ఉంది. టికెట్టు కూడా తక్కువే.’’

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. భాయ్ చూపు నేల మీద ఉంది. మిగతా చిత్రానికి నేను చెప్పడం మానేశాను. అతను ఏం చూశాడో నాకు తెలియదు.

మంచు చిత్రం చివరకు ఖరారయిందని తెలిసిన వారం, నియమాన్ని సవరించాలని నేను సొసైటీలో తీర్మానం పెట్టాను. అవసరమైనవారికి పక్కవారు మెల్లగా చెప్పే వెసులుబాటు ఉండాలన్నది తీర్మానం. సమావేశానికి ముందు భాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

‘‘నా కండ్ల ముచ్చట తియ్యకు.’’

‘‘అదొక్కటే అసలైన కారణం కదా భాయ్. అది లేకుండా నేనేం వాదించాలె?’’

‘‘గది చెప్తె గెలుస్తవ్. నాకెరుక. గుడ్డోనికి దానం జేసినట్టు చేతులెత్తుతరు. ఎల్లుండికల్ల ఊరంత పాకుతది. నాకు గట్ల వద్దు.’’

కాబట్టి నేను భాష గురించి వాదించాను. ఇంగ్లీషు అక్షరాలు అందరికీ అందడం లేదని, అర్థం కాని మౌనాన్ని రసానుభూతిగా చెలామణీ చేస్తున్నామని, తోటి సభ్యుడికి ఒక వాక్యం చెప్పడం వల్ల కళకు అపచారం జరగదని అన్నాను. అది నా ప్రసంగాల్లో బాగా కట్టిన వాటిలో ఒకటి. కాని ఇంగ్లీషు రాదని ఒప్పుకోవడానికి ఒక్కరూ సిద్ధంగా లేరని నేను గ్రహించలేదు. వెనుక నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి అన్నాడు: ‘‘సినిమా చూడనీకి వచ్చినమా సార్, హరికథ విననీకి వచ్చినమా?’’ అందరూ నవ్వారు.

అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. ఆయన మాటను నేను ఇప్పటికీ గౌరవిస్తాను. ‘‘బాబూ, నువ్వు పక్కవాడికి చెప్పేది చిత్రం కాదు, నీ అభిప్రాయం. ‘ఆమె దిగులుగా ఉంది’ అంటావు. అది దిగులో, కోపమో, అలసటో తేల్చుకునే హక్కు అతనిది. ఆ హక్కును నువ్వెలా తీసుకుంటావు?’’

చేతులెత్తమన్నారు. తీర్మానం వీగిపోయింది. భాయ్ తన చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు.

గదికి నడుస్తూ అధ్యక్షుడి ప్రశ్నకు అతనే జవాబు చెప్పాడు. ‘‘దిగులని చెప్పొద్దు. రెప్పలు కిందికి దిగినయ్ అని చెప్పాలె. దిగులా కాదా, ఇనెటోడు సూస్కుంటడు. మా అన్నకు నేను గట్లనే చెప్పెటోన్ని.’’

‘‘ఈ మాట అక్కడ ఎందుకు చెప్పలేదు?’’

‘‘చెప్తె, నీకెట్ల ఎరుక అని అడగరా? వకీల్ సాబ్‌వు, గంత తెల్వదా?’’

ప్రదర్శన రోజు వచ్చింది. ఎండాకాలం. భాయ్ అందరికంటే ముందే వచ్చి, గోడకు ఆనుకుని, ప్రొజెక్టర్‌కు దగ్గరగా కూర్చున్నాడు. పక్కన నేను. చిత్రం మొదలైంది. ఆ గ్రంథంలో రాసినదంతా నిజం. దర్శకుడు ఎంత నిర్దయుడంటే, ఆమె ముఖం కూడా మధ్యకు రాదు. రైళ్ళు అంచుల్లో ఆగి అంచుల్లోనే కదిలిపోతాయి. దిగిన ప్రతి సైనికుడూ సగం శరీరంతోనే కనిపిస్తాడు, మిగతా సగం చట్రం బయట. తెల్లని మంచు మాత్రం నడుమ పరుచుకుని, మనల్ని తన వైపు లాగుతూ, ఏమీ ఇవ్వకుండా ఉంటుంది. మన కళ్ళు పక్కలకు పోక తప్పదు. అలా పోయేటట్టు చేయడంలోనే ఆ చిత్రం గొప్పతనం ఉంది. నేను చూసిన వాటిలో అంత క్రమశిక్షణ గల చిత్రం మరొకటి లేదని ఈనాటికీ అంటాను. ఆ క్రమశిక్షణే నా పక్కనున్నవాడి పట్ల ఎంత క్రూరమో కూడా ఆ మధ్యాహ్నమే చూశాను.

మొదటి రీలులో అతను తల అటూ ఇటూ తిప్పాడు. అతను తిప్పేసరికి మనిషి అవతలి అంచుకు పోయేవాడు. రెండో రీలుకు తల తిప్పడం మానేశాడు. నేను నోరు తెరవబోయాను. నా మణికట్టు మీద అతని వేళ్ళు బిగుసుకున్నాయి. మరోసారి దీపాలు వెలగడం అతనికి ఇష్టం లేదు. చివరి దృశ్యంలో తెరంతా మంచు. దూరంగా, ఎడమ అంచున, ఒక తలుపు తెరుచుకుంటుంది. ఒక చెయ్యి కనబడుతుంది. తలుపు మూసుకుంటుంది. అక్కడితో ముగింపు.

చర్చ మొదలైంది. ఇద్దరు ముగ్గురు మాట్లాడాక, ఎప్పుడూ బాగా మాట్లాడతాడని పేరున్న భాయ్‌ని అధ్యక్షుడు పిలిచాడు. అతను గోడ పట్టుకుని లేచాడు.

‘‘నాకు మంచు కనపడ్డది,’’ అన్నాడు. ‘‘మొదటికెల్లి ఆఖరుదాంక మంచే. మనుషులు ఉన్నరని సప్పుడును బట్టి తెలిసింది గని, నేను సూసిన సినిమాల ఎవ్వలు లేరు. ఆఖర్కి ఏదో తలుపు తీసిన సప్పుడైంది. గా తలుపు నాకు దొరకలే. ఇంగ నేను చెప్పెటిది ఏం లేదు.’’

కూర్చున్నాడు. ఆ తరువాత హాలు హాలంతా చప్పట్లు. హరికథ అన్న బ్యాంకు ఉద్యోగి అందరికంటే గట్టిగా కొట్టాడు. ఒక అధ్యాపకుడు లేచి, ‘‘మనుషులు లేకపోవడమే ఈ చిత్రంలో ముఖ్యపాత్ర అని ఈ అబ్బాయి పట్టుకున్నాడు చూశారా!’’ అన్నాడు. అధ్యక్షుడు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఇంత లోతైన విమర్శను ఈ సంఘంలో తాను వినలేదన్నాడు. నేను లేచి నిలబడ్డాను, అసలు సంగతి చెప్పాలని. భాయ్ నా చొక్కా అంచు పట్టి కిందికి లాగాడు.

‘‘కూసో,’’ అన్నాడు మెల్లగా. ‘‘నేను ఒక్క అబద్ధం ఆడలే.’’

ఆ మాటలు ఆ నెల సంచికలో మొదటి పేజీన వచ్చాయి. భాషను సంస్కరించి, ‘మంచు అనే మహాశూన్యం’ అనే శీర్షిక పెట్టి అచ్చు వేశారు. ‘ఆ తలుపు నాకు దొరకలేదు’ అన్న వాక్యం కింద గీత గీశారు. ఒక యువకుడు తనకు కనబడటం లేదని నిలబడి, స్పష్టమైన తెలుగులో చెబితే, దాన్ని సౌందర్య సిద్ధాంతంగా విన్న మనుషులం మేము. మాలో ఎవరూ దుర్మార్గులు కారు. గొప్ప చిత్రం గురించి ఎవరైనా అర్థం కాని మాట అంటే అది లోతైనదే అయి ఉంటుందని పుస్తకాలు నేర్పాయి. అంతే.

ఆ చిత్రం మళ్ళీ రాలేదు. మరుసటి ఏడు మొదట్లో భాయ్ పరీక్ష ప్రశ్నపత్రం చదవలేక బయటికి వచ్చేశాడు. సామాన్లు కట్టుకుని మక్తల్ బస్సెక్కాడు. నేను ఎక్కించి వచ్చాను.

ఆ తరువాత ఒకసారి చూడటానికి వెళ్ళాను. దుకాణంలో అన్నదమ్ములు ఇద్దరూ గద్దె మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. తండ్రి గాజులు తొడుగుతున్నాడు. భాయ్‌కి అప్పటికి వెలుగు తెలుస్తుంది, ముఖాలు తెలియవు. గొంతు విని ‘‘వకీల్ సాబ్!’’ అని చేతులు చాచాడు. చాయ్ తెప్పించాడు. నేను ఆ ప్రయాణమంతా ఒక పని కోసం సిద్ధపడి వచ్చాను. మంచు చిత్రాన్ని మొదటి నుంచీ, దృశ్యం తరువాత దృశ్యం, అంచులతో సహా చెప్పడం మొదలుపెట్టాను. అతను నేర్పిన పద్ధతిలోనే చెప్పాను. దిగులు అనలేదు, కోపం అనలేదు. ఎడమన చెయ్యి, కుడిన గుర్రం తల, పైన దీపం. తండ్రి కూడా పని ఆపి విన్నాడు. రెండో రైలు వచ్చేసరికి భాయ్ నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

‘‘మంచిగ చెప్తున్నవ్. గని చాలు.’’

‘‘ఇంకా ఉంది భాయ్. తలుపు దాకా రాలేదు.’’

‘‘తెర ముందట లేకుంటె గది సినిమా గాదు, ముచ్చట. గా దినం నువ్వు చెప్తె, నా కండ్ల ముందటి మంచుకు నీ మాట అతుక్కుంటుండె. గుర్రం సప్పుడుకు గుర్రం అతుక్కుంటుండె. ఇప్పుడు దేనికి అతికియ్యాలె?’’

అన్న ఇటువైపు తల తిప్పాడు. అతని గొంతులో ఎక్కడా చేదు లేదు.

‘‘నేనైతే శానా సినిమాలు సూసిన, తమ్మీ,’’ అన్నాడు నాతో. ‘‘వీడు తెర ముందట కూసోని సూపిచ్చిండు. వీనికే సూపిచ్చెటోడు దొరకలే.’’

భాయ్ చాయ్ గ్లాసు కోసం గద్దె మీద తడుముతున్నాడు. వాళ్ళ నాన్న గ్లాసును అతని వేళ్ళ దగ్గరికి జరిపి, మళ్ళీ గాజుల వైపు తిరిగాడు.

మా సొసైటీ ఇప్పుడు లేదు. కేబుల్ టీవీ వచ్చాక సభ్యులు ఒక్కొక్కరే జారిపోయారు. కాని నల్గొండలోనూ, ఇంకా కొన్ని పట్టణాల్లోనూ అలాంటి సంఘాలు నడుస్తున్నాయని, అక్కడ కూడా నిశ్శబ్దాన్ని నియమంగా పెట్టుకున్నారని విన్నాను. నిశ్శబ్దం మంచిదే. అది తెరను చూడగలిగినవారికి మంచిది. చూడలేనివారు మీ మధ్య లేరని మీరెలా చెప్పగలరు? వాళ్ళు చెప్పుకోరు. చెప్పుకుంటే జాలి వస్తుందని వాళ్ళకు తెలుసు. జాలి పడకుండా చోటు ఇవ్వడం ఎలాగో మనకు ఇంకా తెలియదు.

అందుకని ఇది చదువుతున్నవారిని సూటిగా అడుగుతున్నాను. వచ్చే ప్రదర్శనకు ముందే మీ సంఘం సమావేశంలో ఒక తీర్మానం పెట్టండి. హాల్లో ఒక వరుస చెప్పేవారికీ వినేవారికీ విడిచిపెట్టాలి. అక్కడ కూర్చోవడానికి వచ్చినవారిని ఎవరూ కారణం అడగరాదు. ఈ రెండు వాక్యాలు చాలు. ఎవరో ఒకరు నవ్వుతారు, నవ్వనివ్వండి. మరొకరు కళ పేరు చెప్పి అడ్డుపడతారు, ఓపికగా వినండి. చేతులెత్తమన్నప్పుడు మాత్రం మీ చెయ్యి ఎత్తండి.